పిల్లలను ఒక్క కట్టడం ముందు నిలబడనివ్వండి

హైదరాబాద్ పాఠశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

దసరా సెలవులు ముగిసి బడులు తెరిచాక మీ కార్యాలయాల్లో విహారయాత్రల లెక్కలు మొదలవుతాయి. ఏ తరగతిని ఎక్కడికి పంపాలి, బస్సులు ఎన్ని కావాలి, ఒక్కొక్కరి దగ్గర ఎంత వసూలు చేయాలి అని చర్చలు జరుగుతాయి. తల్లిదండ్రులకు చీటీలు వెళ్లకముందే ఈ లేఖ మీకు అందాలని రాస్తున్నాను. ఈ నగరంలో చాలాకాలం సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మన దేశంలోని ప్రసిద్ధ కట్టడాల పేర్లన్నీ పిల్లల చేత బట్టీ పట్టించే బదులు, ప్రతి తరగతినీ ఏడాదికి ఒక్క కట్టడం దగ్గరికి తీసుకెళ్లండి. కనీసం ఒక పూట అక్కడే ఉండనివ్వండి. ఎవరు కట్టించారో చెప్పి ఊరుకోకుండా, ఎలా కట్టారో వాళ్లనే వెతకనివ్వండి.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియనిది కాదు. పరీక్షలో 'జతపరచండి' అని ఒక ప్రశ్న వస్తుంది. ఎడమ పక్క తాజ్‌మహల్, బృహదీశ్వరాలయం, కోణార్క్. కుడి పక్క షాజహాన్, రాజరాజ చోళుడు, నరసింహదేవుడు. పిల్లలు గీతలు కలుపుతారు, మార్కులు పడతాయి, మరుసటి వారానికి మరిచిపోతారు. వెయ్యేళ్లుగా నిలబడి ఉన్న తంజావూరు గోపురాన్ని ఒక గీతతో ముగిస్తున్నాం. దాదాపు 60 మీటర్ల ఎత్తున రాతి మీద రాయి ఎలా ఎక్కించారన్న ప్రశ్న ఆ పిల్లవాడి మనసులో పుట్టనే లేదు. ఆ ప్రశ్న పుడితే రాజరాజ చోళుడి పేరు, 1010 సంవత్సరం వాటంతట అవే గుర్తుంటాయి.

పిల్లలకు ఇవి పట్టవని కొందరు ఉపాధ్యాయులు అంటుంటారు. నా అనుభవం వేరు. ఒకసారి తరగతిలో కరెన్సీ నోట్లు చేతికిచ్చి, వెనుక ఉన్న బొమ్మను చూసి ప్రశ్నలు అడగమన్నాను. 10 రూపాయల నోటు మీద కోణార్క్, 20 మీద ఎల్లోరా, 50 మీద హంపి రాతి రథం, 100 మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్, 200 మీద సాంచీ స్తూపం, 500 మీద ఎర్రకోట ఉంటాయి. ఒక అమ్మాయి ఊదారంగు వంద నోటును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "సార్, ఇది నేల మీద ఉందా, నేల కిందికి ఉందా?" అని అడిగింది. అంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది? అది మెట్లబావి. 11వ శతాబ్దంలో ఉదయమతి రాణి కట్టించినది. ఏడు అంతస్తులుగా నేలలోకి దిగుతుంది. గోడల నిండా శిల్పాలే. సరస్వతి నది వరదలు తెచ్చిన మట్టితో పూడిపోయి శతాబ్దాల పాటు కనుమరుగైంది. 20వ శతాబ్దంలో తవ్వి తీశాక, 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఆ అమ్మాయిని ఆ బావి ఉన్న పటాన్ తీసుకెళ్లడం మన చేతిలో లేకపోవచ్చు. బన్సీలాల్‌పేట తీసుకెళ్లడం మన చేతిలోనే ఉంది. సికింద్రాబాద్ ఇళ్ల మధ్య చెత్తతో నిండిపోయి, అక్కడొక బావి ఉండేదని కూడా జనం మరిచిపోయిన చోట, పూడిక తీసి, మెట్లు బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు. ఆ మెట్ల మీద కూర్చున్న పిల్లకు రాణీ కీ వావ్ సగం అర్థమైపోతుంది. నీటిమట్టం ఎండాకాలం దిగితే మనిషి కూడా దానితోపాటు దిగాలి, అందుకే అన్ని మెట్లు. దూరాన ఉన్న గొప్ప కట్టడానికి దారి మన వీధిలోంచే పోతుందని ఇందుకే అంటున్నాను.

గోల్కొండకు చాలా బడులు వెళ్తూనే ఉన్నాయి. కానీ వెళ్లే పద్ధతి చూస్తే బాధ కలుగుతుంది. ఒక పాఠశాల బస్సులు వచ్చి ఆగడం ఈమధ్యే చూశాను. పిల్లలను వరుసలో నిలబెట్టారు, ఈల వేశారు, గుమ్మటం కింద అందరిచేత ఒక్కసారి చప్పట్లు కొట్టించారు, పైదాకా ఎక్కించారు, ఫోటో తీశారు, దించారు. గోడలో ఏదో చూసి ఆగిన ఒక పిల్లవాడిని ఉపాధ్యాయురాలు చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. ఆమెను తప్పు పట్టను. మధ్యాహ్నం భోజనానికి మరో చోట ఉండాలి, సాయంత్రానికి ఇంకో చోట. ఒక్క రోజులో అయిదు చోట్లు చూపించాలని ఎవరో నిర్ణయించారు. ఆ పిల్లవాడు చూస్తున్నది గోడలోంచి పైకి పోతున్న మట్టి గొట్టాన్ని.

ఆ గొట్టం దగ్గర అరగంట ఆగితే ఒక పాఠం మొత్తం అక్కడే నడుస్తుంది. గోల్కొండ నల్లరాతి గుట్ట. పైన రాజప్రాసాదం, కింద నీళ్లు. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని వేర్వేరు ఎత్తుల్లో కట్టిన తొట్లలోకి ఎద్దులు తిప్పే చక్రాలతో తోడి, మెట్టు మెట్టుగా పైకి చేర్చారు. అక్కడినుంచి గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల గుండా తోటలకు, స్నానశాలలకు పంపారు. ఇవాళ అదే దుర్గం చెరువు మీద తీగల వంతెన ఉంది, పిల్లలందరూ దాని మీద ఫోటోలు దిగినవాళ్లే. ఈ కొండ మీదివాళ్లకు తాగునీరు ఆ చెరువుదేనని చెప్పి చూడండి, వాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో.

చప్పట్లు కూడా అంతే. కింద గుమ్మటం కింద కొడితే కొండ కొమ్మున ఉన్న బాలాహిస్సార్‌లో వినపడతాయి. పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టును పైకి పంపండి. కింద ఉన్నవాళ్లు గుమ్మటం కింద ఒకసారి, రెండడుగులు పక్కకు జరిగి ఒకసారి కొట్టాలి. ఎక్కడ కొడితే పైన వినపడింది, ఎక్కడ కొడితే వినపడలేదు అని కాగితం మీద రాసుకోవాలి. భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు వెంట ఉంటే ధ్వని పరావర్తనం గురించి విడిగా నల్లబల్ల మీద చెప్పనక్కరలేదు. శత్రువు ద్వారం దగ్గరికి వస్తే కాపలావాడు పైకి ఎలా కబురు పంపేవాడో అర్థమయ్యాక, ద్వారాలకు ఇనుప మేకులు ఎందుకు కొట్టారో, ద్వారానికి ఎదురుగా అడ్డుగోడ ఎందుకు లేపారో వాళ్లే చెబుతారు. ఏనుగు పరిగెత్తుకు వచ్చి గుద్దడానికి చోటు లేకుండా చేశారు. ఇంత చేసిన కోటను 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించింది. చివరికి లోపలివాడు తలుపు తీస్తేనే లోపలికి రాగలిగింది. ఈ కథ ఆ తలుపు దగ్గర నిలబడి వినాలి.

చార్మినార్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన పిల్లలు రోజూ చూస్తూ అసలు చూడని కట్టడం అదే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడన్నది అందరికీ వచ్చు. గడియారాలు 1889లో పెట్టారన్నది కొందరికి వచ్చు. కానీ ఆ మినార్ల మీద పువ్వులు, రేకులు, గొలుసుల్లా కనిపించే నగిషీ అంతా రాయి కాదనీ, గచ్చు పని అనీ ఎంతమందికి తెలుసు? గానుగలో నూరిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం వంటివి కలిపి ముద్ద చేసి, అది గట్టిపడేలోపు వేళ్లతో, చిన్న పనిముట్లతో తీర్చిదిద్దేవారు మన మేస్త్రీలు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. గోడకు సున్నం వేస్తే రెండు మూడు రోజులకు గట్టిపడి మెరుపు ఎందుకు వస్తుందో పదో తరగతి రసాయనశాస్త్రంలో సమీకరణంతో సహా నేర్పుతున్నాం. ఆ సమీకరణం నాలుగు వందల ఏళ్లకు పైగా చార్మినార్ మీద నిలబడి ఉంది. పాతబస్తీలోని బడి నుంచి పిల్లలు నడిచి వెళ్లి చూడగలిగిన దూరంలో ఉంది. అయినా ఆ పాఠం చెప్పేటప్పుడు చార్మినార్ పేరు ఎత్తే తరగతి గది ఉందేమో వెతకాలి.

2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు ముక్క ఒకటి ఊడి కింద పడింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వార్తను తరగతిలో చదివించాలి. వాన నీరు లోపలికి దిగితే ఏమవుతుంది, చుట్టూ తిరిగే వాహనాల పొగ ఏం చేస్తుంది, సిమెంటుతో పూడిస్తే ఎందుకు మరింత చెడుతుంది అని అడగాలి. సున్నపు గోడ తడిని బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. తడి లోపల చిక్కుకుని, ఉప్పు పట్టి, పొర పొరగా ఊడిపోతుంది. ఇది పుస్తకంలో చదివే సంగతి కాదు, ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కంటితో చూడదగిన సంగతి. అక్కడ 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పనిచేసింది. గత శతాబ్దంలో పూసిన సిమెంటు పొరలను చెక్కి తీసి, మళ్లీ సున్నంతోనే గచ్చు చేశారు. వానలకు ఒక పక్క కూలిపోయిన బడీ బావోలీ అనే మెట్లబావిని రాయి రాయి పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. అదే ఆవరణలో గుమ్మటం లేకుండా అసంపూర్తిగా మిగిలిపోయిన సమాధి ఒకటి ఉంది. పూర్తయిన వాటికంటే ముందు పిల్లలను దాని దగ్గరికి తీసుకెళ్లండి. పూర్తయిన కట్టడంలో దాగిపోయే పని అక్కడ బయటికి కనిపిస్తుంది.

ఇక అజంతా. పాఠ్యపుస్తకంలో అది మహారాష్ట్రలో ఎక్కడో ఉన్న గుహల పేరు. కానీ 1956 వరకు అజంతా, ఎల్లోరా రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. 1914లో ఇక్కడ పురావస్తు శాఖ ఏర్పడింది. దాని బాధ్యత చూసిన గులాం యజ్దానీ తన జీవితంలో ఎక్కువ భాగం ఆ గుహల కోసమే పనిచేశారు. రాలిపోతున్న చిత్రాలను కాపాడడానికి 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించారు. వాళ్లు పూసిన లక్క వార్నిష్ తర్వాత పసుపెక్కి చిత్రాలను మసకబార్చింది. దాన్ని ఒలిచి తీయడానికి తర్వాతి తరాలవారు ఎంతో శ్రమించాల్సి వచ్చింది. మంచి చేయాలన్న తపన ఒక్కటే చాలదు, పదార్థం గురించి తెలిసి ఉండాలని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఆ చిత్రాల నకళ్లు ఉన్నాయి. మమ్మీని చూడడానికి పరిగెత్తే పిల్లలను ఆ నకళ్ల ముందు కాసేపు కూర్చోబెట్టి, చేతికి పెన్సిలు ఇచ్చి ఒక్క చేతి ముద్రను గీయమనండి. అజంతా చిత్రకారుడు బొమ్మ చేతి వేళ్లను ఎంత శ్రద్ధగా తీర్చాడో గీసి చూస్తే తెలుస్తుంది.

పై తరగతులను రామప్పకు తీసుకెళ్లండి. ములుగు జిల్లా పాలంపేట తెల్లవారుజామున బయలుదేరితే ఒక్క రోజులో వెళ్లి రాగల దూరం. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందింది. గోపురానికి నీళ్లలో తేలేటంత తేలికైన ఇటుక వాడారు. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద గుడి లేపారు. బరువు తగ్గించడం పైన, కదలికను ఓర్చుకోవడం కింద. ఇంజినీరింగ్ చదవాలని కోచింగ్ కేంద్రాల చుట్టూ తిప్పుతున్న పిల్లలకు ఇంజినీరింగ్ అంటే ఏమిటో అక్కడ చూపించవచ్చు. కట్టించిన సేనాని పేరుతో కాక, చెక్కిన శిల్పి పేరుతోనే ఆ గుడిని పిలుస్తారని చెబుతారు. నాకు ఆ గుడి మీద అంత ప్రేమ ఉండడానికి అదీ ఒక కారణం.

చేసినవాళ్ల సంగతి ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి. రాజుల పేర్లు మాత్రమే మిగిలాయి, పనివాళ్ల పేర్లు పోయాయి అని మనం తేలిగ్గా అనేస్తాం. వెతికితే ఉన్నాయి. సాంచీ దక్షిణ తోరణం మీద, శాతవాహన రాజు శాతకర్ణి దగ్గర పనిచేసిన శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానమని శాసనం ఉంది. అదే తోరణంలో ఒక చోట, ఈ చెక్కడం విదిశ దంతపు పనివాళ్లు చేశారని రాసి ఉంది. ఏనుగు దంతం మీద పనిచేసే చేతులు రాతి మీద పనిచేశాయన్నమాట, ఆ తోరణాల మీద బొమ్మలు అంత సన్నగా ఉండడం చూస్తే నమ్మబుద్ధి వేస్తుంది. శాతవాహనుల నాణేలు మన కోటిలింగాలలో దొరికాయి, వాళ్ల శిల్పుల పెద్ద పేరు మధ్యప్రదేశ్ కొండ మీద ఉంది. తంజావూరు ఆలయ గోడల మీద అక్కడ పనిచేసిన సుమారు 400 మంది నాట్యకత్తెల పేర్లు, ఎవరు ఏ వీధిలో ఏ ఇంట్లో ఉండేవారో సహా చెక్కించారు. 'కట్టించినవారు' అన్న గడి పక్కన 'కట్టినవారు' అన్న గడి కూడా పిల్లల నోటు పుస్తకంలో ఉండాలని నా కోరిక.

మరొక మాట చెప్పక తప్పదు. కట్టడాలను మతాల వారీగా పంచి, ఇవి మనవి, అవి పరాయివి అని పిల్లలు మాట్లాడడం విన్నప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఆ మాట వాళ్లకు ఇంట్లోనో ఫోనులోనో దొరుకుతోంది. దానికి జవాబు ఉపన్యాసం కాదు. గోల్కొండ బాలాహిస్సార్ ద్వారం ముందు నిలబెట్టి పైకి చూడమనండి. గచ్చులో తీర్చిన యాళులు (గుళ్లలో చెక్కే సింహంలాంటి కల్పిత జంతువులు), సింహాలు కనిపిస్తాయి. దక్కన్ మేస్త్రీలు గుడికి ఏ చేతులతో పనిచేశారో కోటకూ అవే చేతులతో పనిచేశారు. తెలుగు కవులు ఇబ్రహీం కుతుబ్‌షాను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అదే కోటలో భక్త రామదాసు బందీగా ఉన్న చెరసాల కూడా ఉంది. ఆదరించిన చరిత్ర, బాధపెట్టిన చరిత్ర రెండూ ఒకే గోడల మధ్య ఉన్నాయి. ఏదీ దాచకుండా రెండూ చెప్పండి. పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు.

ఖర్చు గురించి మీరు అడుగుతారని తెలుసు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అధీనంలోని కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. చార్మినార్, గోల్కొండ రెండూ ఆ సంస్థవే. సిటీ బస్సులో వెళ్లి రావచ్చు. వేలకు వేలు వసూలు చేసి ఊరి బయట ఆటస్థలాలకు తీసుకెళ్లే యాత్రకు డబ్బు కట్టలేక, ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. గోల్కొండకు వెళ్తే వాళ్లూ వస్తారు. ఆటస్థలాలకు వెళ్లవద్దని అనడం లేదు, ఏడాదిలో ఒక పూట దీనికి ఇవ్వమంటున్నాను.

ఎండాకాలం వద్దు. నవంబరు నుంచి జనవరి దాకా అనుకూలం. తెరిచే వేళకే ద్వారం దగ్గర ఉండండి, ఎండ ఎక్కకముందే మెట్లు ఎక్కవచ్చు. మెట్లు ఎక్కలేని పిల్లలు ఉంటే కింది ఆవరణలోనే చూడవలసినది బోలెడంత ఉంది, వాళ్లను బడిలో వదిలేసి రాకండి. మంచినీళ్లు, మరుగుదొడ్ల సంగతి ఒక రోజు ముందే కనుక్కోండి, ముఖ్యంగా ఆడపిల్లల కోసం. ఒక ఉపాధ్యాయుడికి ఇరవై మందికి మించి అప్పగించకండి. యాత్ర నుంచి తిరిగొచ్చాక వ్యాసం రాయించవద్దు. 'అక్కడ నాకు అర్థం కానిది' అని ఒక ప్రశ్న మాత్రం రాయించండి. ఆ ప్రశ్నలే తర్వాతి పది రోజుల పాఠం.

గోడల మీద పేర్లు చెక్కడం గురించి కూడా బస్సు ఎక్కకముందే చెప్పాలి. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉందని చట్టం చెబుతోంది. వారసత్వాన్ని కాపాడడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణ చెబుతోంది. ఈ రెండూ చెప్పండి, కానీ వాటి మీదే ఆధారపడకండి. ఆ గచ్చును వేళ్లతో ఎలా తీర్చారో తెలిసిన పిల్లవాడు దాని మీద మేకుతో గీయడు. గీస్తున్న పక్కవాడిని కూడా ఆపుతాడు.

కట్టడాల నిర్వహణ చూసే అధికారులకూ ఒక విన్నపం. బడి పిల్లలు వచ్చే రోజుల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పగలిగినవారిని అందుబాటులో ఉంచండి. రాజుల వరుస ఏకరువు పెట్టేవారు చాలామంది దొరుకుతారు. సున్నం గురించి, నీళ్ల గురించి, రాయి ఎలా పగలగొట్టారో చెప్పగలిగిన మేస్త్రీలు పునరుద్ధరణ పనుల్లోనే ఉన్నారు. వాళ్లలో ఒకరిని పిల్లల ముందు నిలబెట్టి, తాపీతో గచ్చు ఎలా వేస్తారో చేసి చూపించమనండి.

ప్రధానోపాధ్యాయులకు చివరిగా ఒక మాట. పిల్లలను తీసుకెళ్లే ముందు మీ ఉపాధ్యాయులందరినీ ఒక శనివారం ఉదయం గోల్కొండకు పంపండి. సాంఘికశాస్త్రం వాళ్లనే కాదు, లెక్కలు, సైన్సు, తెలుగు చెప్పేవాళ్లను కూడా. ఎవరి పాఠం అక్కడ ఎక్కడ ఉందో వాళ్లే వెతుక్కుని రానివ్వండి. నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఈ నగరంలో ప్రతి పేటలోనూ ఉన్నారు. పిలిస్తే తోడు రావడానికి మేం సిద్ధం.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
మెహదీపట్నం, హైదరాబాద్